చమురు కంపెనీ ఋణము – చిన్న వాటాదారుని శేషము

భూవసతి గల ప్రతి గృహస్థునకును ఒక సామాన్య ధర్మము తెలియును. ఒకనికి మాగాణి యెంత కలదో తెలిసినంత మాత్రమున ఆతని కలిమి తెలియదు. పట్టాతోపాటు తనఖా పత్రమును గూడ చూడవలెను. పొలము విలువ 1 కోటి రూపాయలై దానిపై 80 లక్షల అప్పున్నచో ఆ యాసామి సొత్తు 20 లక్షలే. పొలము ధర అయిదవ వంతు పడిపోయెనా, గట్టు జరుగకున్నను, సెంటు భూమి తగ్గకున్నను, ఆతని సొత్తు సున్న. అప్పు లేనివాడే అధిక సంపన్నుడను సామెత మన పల్లెలలో ఊరక పుట్టలేదు.

పొలము బేరమున ఇంత జాగరూకుడైన పెద్దమనుష్యుడే వాటాల బేరమునకు దిగినప్పుడు ఈ ధర్మమును మరచుచుండుట ఆశ్చర్యకరము. చమురు ధర పెరుగుననియు, ఫలాని కంపెనీకి భూగర్భమున ఇన్ని కోట్ల పీపాల నిధి కలదనియు వినినంతనే, ఆ నిధిలో తనకును పాలు దొరకినట్లు భావించి వాటాలు కొనుచున్నాడు. ఋణభారముతో నున్న కంపెనీలో సామాన్య వాటాదారునకు చెందునది చమురు కాదు. అందరి బాకీలును తీరిన పిదప మిగులు శేషము. ఆ శేషమును ఎట్లు గణింపవలెనో, ఆ గణనలో పీపాల సంఖ్యకంటె బాకీల గడువు తేదీలు ఏల ముఖ్యములో నిరూపించుటయే మా యుద్దేశము.

ఇది మన చదువరులకు దూరపు విషయమని తలపరాదు. రిజర్వు బ్యాంకు నియమముల ననుసరించి దేశమున నివసించు వ్యక్తి సంవత్సరమునకు 2,50,000 డాలర్ల వరకు విదేశములకు పంపి అచ్చటి వాటాలను కొనవచ్చును. చమురు వ్యాపారమునకు ముఖ్యస్థానమైన హ్యూస్టను నగరమున తెలుగు కుటుంబములు అనేకములు కాపురమున్నవి. కావున అమెరికాలోని రెండు కంపెనీల చరిత్రమును ముందు పరిశీలించి, అటుపిమ్మట మన గోదావరి తీరమునకు వత్తుము. ఏ వాటా కొనుడనియు, ఏ వాటా విడువుడనియు మేము చెప్పబోవుటలేదు. తూకపు రాళ్లను మాత్రము చదువరుల చేతికిచ్చెదము.

ఒక్క కొనుగోలు – నాలుగింతల అప్పు

హ్యూస్టను కేంద్రముగాగల ఆక్సిడెంటల్ పెట్రోలియము చిరకాలముగా పేరుగన్న కంపెనీ. 2019 ఏప్రిలు నెలలో షెవ్రాన్ అను మహాసంస్థ అనడార్కో అను చమురు కంపెనీని కొనుటకు ఒడంబడిక చేసికొనెను. ఆక్సిడెంటల్ నడుమ ప్రవేశించి, వాటాకు 76 డాలర్ల చొప్పున హెచ్చు పాట పాడెను. షెవ్రాన్ 100 కోట్ల డాలర్ల పరిహారము పుచ్చుకొని తప్పుకొనెను. అనడార్కో పాత అప్పులతో కలిపి చూడగా ఆ కొనుగోలు విలువ సుమారు 5,700 కోట్ల డాలర్లయ్యెను. అదే సంవత్సరము ఆగస్టులో బేరము ముగిసెను.

ఇంత ధనము ఎచ్చటనుండి వచ్చెను? బెర్క్‌షైర్ హాతవే సంస్థకు అప్పటి అధిపతియగు వారెన్ బఫెట్ 1,000 కోట్ల డాలర్లు ఇచ్చెను. అది సామాన్య వాటాలకు కాదు; సాలునకు 8 శాతము రాబడి గల ప్రాధాన్య వాటాలకు. వానికి తోడు, ముందుగా నిర్ణయించిన ధరకు కోట్లకొలది సామాన్య వాటాలను కొనుటకు వారంటులనబడు హక్కుపత్రములను గూడ ఆయన పొందెను. మిగిలిన దానిలో అధికభాగము అప్పు. 2018 అంతమున సుమారు 1,020 కోట్ల డాలర్లుగా నుండిన దీర్ఘకాల ఋణము 2019 అంతమునకు సుమారు 3,850 కోట్లకు పెరిగెను. ఒక్క యేడాదిలో నాలుగింతలకు చేరువయ్యెను.

ఇచ్చట చిన్న వాటాదారుడు గమనింపదగిన విశేషమొకటి కలదు. మొదట సగము రొక్కము, సగము కొత్త వాటాలు ఇచ్చెదమని చెప్పిన కంపెనీ, తరువాత రొక్కపు భాగమును 78 శాతమునకు పెంచి, కొత్త వాటాల భాగమును తగ్గించెను. కొత్త వాటాల సంఖ్య తగ్గుటచే తన వాటాదారుల సమ్మతి అడుగవలసిన యగత్యము తొలగిపోయెను. ఇంటిని తాకట్టు పెట్టుటకు ఇంటివారి నడుగ నక్కరలేకపోయినట్లాయెను. కార్ల్ ఐకాన్ వంటి పెద్ద వాటాదారులు కలహించిరి, న్యాయస్థానమున కెక్కిరి. చిన్నవారు చూచుచుండిరి.

అటుపిమ్మట కాలము ఎదురు తిరిగెను. 2020 మార్చిలో సౌదీ అరేబియాకును రష్యాకును ఉత్పత్తి విషయమై స్పర్ధ పుట్టెను. అదే సమయమున మహమ్మారి వ్యాపించి ప్రపంచ ప్రయాణములు స్తంభించెను. మార్చి 9వ తేదీ ఒక్కదినముననే ఆక్సిడెంటల్ వాటా సగమునకు మించి పడిపోయెను. మరునాడు మూడు నెలల కొకసారి ఇచ్చు 79 సెంట్ల డివిడెండును 11 సెంట్లకు కోసిరి. కొలది వారములలో దానిని 1 సెంటు చేసిరి. అనగా సంవత్సరమునకు 3 డాలర్ల 16 సెంట్లు వచ్చునని లెక్క కట్టుకొన్న వాటాదారునకు 4 సెంట్ల రేటు మిగిలెను. ఏప్రిలు 20వ తేదీన అమెరికా చమురు మే నెల బేరపు ధర శూన్యమునకు దిగువకు, 37 డాలర్ల 63 సెంట్ల ఋణసంఖ్యకు చేరి ముగిసెను. 2019 ఏప్రిలు ప్రారంభమున 60 డాలర్లకు పైనున్న ఆక్సిడెంటల్ వాటా 2020లో 10 డాలర్లకు లోబడినది. ఆ సంవత్సరపు నష్టము సుమారు 1,500 కోట్ల డాలర్లు.

భూగర్భమునందలి చమురు ఎక్కడికిని పోలేదు. బావులును ఆవిరి కాలేదు. అయినను వాటాదారుని సొత్తులో ఆరింట అయిదు పాళ్లు ఎట్లు పోయెను? ఈ ప్రశ్నకు సమాధానము తెలియవలెనన్న చిన్న గణితము అవసరము.

శేషమును తూచు విధము

చదువరుల సౌకర్యార్థము ఒక కంపెనీని ఊహింతము. ఈ అంకెలు ఉదాహరణమునకు మాత్రమే. ఆ కంపెనీ దినమునకు 1 లక్ష పీపాల చమురు తీయుచున్నది. పీపా యనగా సుమారు 159 లీటర్లు. సాలునకు 3 కోట్ల 65 లక్షల పీపాలగును. పీపా ధర 70 డాలర్లు. తోడుటకు, తరలించుటకు, ప్రభుత్వపు పన్నులకు, కచేరీ ఖర్చులకు పీపాకు 35 డాలర్లు పోవుననుకొందము. మిగులు పీపాకు 35 డాలర్ల చొప్పున సుమారు 128 కోట్ల డాలర్లు.

ఈ మిగులును చూచి సంతోషించువాడు త్వరపడినవాడు. చమురు బావి మాగాణి పొలము వంటిది కాదు. పొలము ఏటేట పండును. బావి ఏటేట ఎండును. అమెరికాలో రాతిపొరలను పగులగొట్టి తీయు షేల్ బావులలో మొదటి సంవత్సరముననే ఉత్పత్తి సగమునకు మించి తగ్గిపోవుట సాధారణము. కావున ఉత్పత్తిని పెంచుటకు గాక, ఉన్నచోట నిలుపుటకే ఏటేట కొత్త బావులు త్రవ్వవలెను. దానికి 60 కోట్లు అనుకొందము. కంపెనీకి 400 కోట్ల డాలర్ల అప్పు 7 శాతము వడ్డీకి కలదనుకొన్నచో వడ్డీ 28 కోట్లు. ఈ రెండును పోగా మిగులునది సుమారు 40 కోట్లు. వాటాదారుని శేషము ఇది.

ఇప్పుడు చమురు 70 నుండి 55 డాలర్లకు దిగినదనుకొందము. తగ్గినది అయిదవ వంతుకు కొంచెము మించి మాత్రమే. కాని మిగులు 73 కోట్లకు పడిపోవును. త్రవ్వకపు ఖర్చును వడ్డీయు కలిసి 88 కోట్లు. శేషము 15 కోట్ల లోటు. అదే చమురు 85 డాలర్లైనచో శేషము 94 కోట్లకు మించును. చమురు అడుగు కదలిన వాటాదారుడు ఆమడ కదలును. ఇదియే ఋణము యొక్క మాయ. ఎక్కునప్పుడు ఇది రెక్క, దిగునప్పుడు ఇది గుదిబండ.

ఇదే కంపెనీకి అప్పు లేకున్నచో? 55 డాలర్ల ధరలోను 13 కోట్లు మిగులును. అప్పు లేని కంపెనీ 51 డాలర్ల వరకు నెగ్గుకొనిరాగలదు. అప్పున్న కంపెనీకి 59 డాలర్లు రానిదే దినము గడువదు. ఈ 8 డాలర్ల వ్యత్యాసము కంపెనీ మేనేజరు నేర్పునకు గాని, బావుల మంచిచెడ్డలకు గాని సంబంధించినది కాదు. అది వడ్డీకి చెల్లు కప్పము. ఏ కంపెనీ వాటాను కొనదలచినను, ఎంత ధరకు దినము గడుచును అను ఈ అంకెను ముందు కట్టుకొనవలెను.

ఇక ఆస్తి విలువ. ఈ కంపెనీ నిధుల నేటి విలువను నిపుణులు 700 కోట్ల డాలర్లుగా కట్టిరనుకొందము. దానినుండి 400 కోట్ల అప్పు తీసివేయవలెను. ఎండిన బావులను పూడ్చి నేలను బాగుచేయు బాధ్యత మరియొక 50 కోట్లు. దీనిని చాలమంది మరచుదురు. మిగిలినది 250 కోట్లు. వాటాలు 20 కోట్లైనచో వాటాకు 12 డాలర్ల 50 సెంట్లు. బజారులో వాటా 8 డాలర్లకు దొరకినచో చవుకయని తోచును. కాని నిధుల విలువ అయిదవ వంతు తగ్గెనా, వాటా విలువ 5 డాలర్ల 50 సెంట్లకు దిగును. మూడవ వంతుకు కొంచెము మించి తగ్గెనా, ఏమియు మిగులదు. కావున ఒక్క అంకెతో తృప్తిపడక, నిధుల విలువను మూడు నాలుగు ధరల వద్ద కట్టి, ప్రతి ధరవద్దను శేషమెంతయో చూచుకొనవలెను.

నిధుల విలువను కంపెనీ నివేదికలోనే చూచుకొనవచ్చును గదా యని కొందరనవచ్చును. చూడవలసినదే, కాని ఆ అంకె ఎట్లు పుట్టునో తెలిసి చూడవలెను. అమెరికా సెక్యూరిటీల కమిషను నియమము ప్రకారము, గడచిన పన్నెండు నెలలలో ప్రతి నెల మొదటితేదీ ధరల సగటును గైకొని, భవిష్యత్తు రాబడిని సాలునకు 10 శాతము చొప్పున తరుగు వేసి విలువ కట్టుదురు. అనగా ఆ విలువ గతకాలపు ధర నాశ్రయించినది. 2014 అంతమున నివేదికలలో వాడిన అమెరికా చమురు సగటు ధర సుమారు 95 డాలర్లు. ఆ దినముననే బజారు ధర 55 డాలర్లకు దిగువను ఉండెను. పుస్తకములోని ఆస్తి మహామేరువు. బజారులోని ఆస్తి దానిలో సగపాలునకు తూగునో లేదో!

గడువు తేదీ యను యమపాశము

శేషగణితము తెలిసినను చాలదు. బాకీ ఎంత అను ప్రశ్నతోపాటు, ఎప్పుడు అను ప్రశ్నను అడుగవలెను. దీనికి రెండవ కంపెనీ సాక్షి.

వైటింగ్ పెట్రోలియము ఉత్తర డకోటా రాష్ట్రమునందలి బాకెన్ రాతిపొరలలో చమురు తీయు కంపెనీ. 2014 జూలైలో పీపా ధర 100 డాలర్లకు పైనుండగా, అప్పులతో కలిపి 600 కోట్ల డాలర్ల విలువకు కోడియాక్ అను పొరుగు కంపెనీని కొనుటకు ఒప్పుకొనెను. డిసెంబరులో ఆ బేరము ముగియునప్పటికి చమురు ధర పతనమగుచుండెను. కొన్న ఆస్తి విలువ తగ్గెను. దానితో వచ్చిన అప్పు తగ్గలేదు. అప్పటినుండి ఆ కంపెనీ అప్పులను మోయుచునే కాలము గడపెను.

ఆ కంపెనీ ఋణపత్రములలో కొన్నింటికి గడువు 2020 ఏప్రిలు 1వ తేదీ. ఆ దినముననే కంపెనీ దివాలా చట్టము 11వ అధ్యాయము క్రింద న్యాయస్థానమును శరణు జొచ్చెను. అప్పటికి దాని చేత 58 కోట్ల 50 లక్షల డాలర్లకు పైగా రొక్కము కలదు! రొక్కముండియు దివాలా ఏల? ఏలయన, ఆ దినపు బాకీ తీర్చినను దాని వెనుక 2021 మార్చి బాకీ నిలిచియున్నది. దాని వెనుక మరియొకటి. చమురు ధర కుప్పకూలిన ఆ మాసమున కొత్త అప్పు ఇచ్చువాడు లేడు. సుమారు 220 కోట్ల డాలర్ల ఋణపత్రములు గలవారు తమ బాకీని వదలుకొని, దానికి ప్రతిగా కొత్త కంపెనీలో 97 శాతము వాటా పుచ్చుకొనిరి. పాత వాటాదారులకు దక్కినది 3 శాతమును, కొన్ని హక్కుపత్రములును. న్యాయస్థానమునకు వెళ్లుటకు ముందే కంపెనీ అధికారులకు 1 కోటి 46 లక్షల డాలర్ల బోనసులు మంజూరయ్యెననుట గూడ చదువరులు తెలిసికొనదగినది.

2022 మార్చిలో చమురు ధర మరల 100 డాలర్లు దాటెను. వైటింగ్ బావులు అప్పుడును పనిచేయుచునేయున్నవి. ఆ యేడు జూలైలో ఆ కంపెనీ ఓయాసిస్ అను మరియొక కంపెనీతో కలిసి కార్డ్ ఎనర్జీ యను పేరు దాల్చెను. చమురు ధర ఎప్పటికైన పెరుగునని 2019లో నమ్మి ఆ వాటాలను పట్టుకొన్నవాడు పలికినది నిజమే. కాని ఆ నిజము ఫలించిన దినమున బావులు వేరొకరివి. చెట్టు కాసెను, కాయ తినువాడు మారెను.

మరి అంతకంటె ఎన్నో రెట్లు అప్పుగల ఆక్సిడెంటల్ ఎట్లు బ్రదికెను? గడువులను వెనుకకు నెట్టగలిగెను గనుక. మొజాంబిక్‌లోని తన ఆస్తిని 390 కోట్ల డాలర్లకు ఫ్రెంచి కంపెనీయగు టోటాల్‌కు 2019లోనే అమ్మెను. డివిడెండును కోసెను. 2020 మధ్యలో 8 శాతము మొదలు 8.875 శాతము వరకు వడ్డీకి 200 కోట్ల డాలర్ల కొత్త ఋణపత్రములను అమ్మి, ఆ ధనముతో సమీపపు గడువులు గల పాత బాకీలను తీర్చెను. ఖరీదైన అప్పే, కాని అది కాలమును కొనెను. 2022లో చమురు ధర పెరిగినప్పుడు ఆ ఒక్క సంవత్సరముననే 1,000 కోట్ల డాలర్లకు పైగా అప్పు తీర్చెను. వాటా ధర 70 డాలర్లు దాటెను. ఆరంభమున రెండు కంపెనీలకును వచ్చిన తుఫాను ఒక్కటే. తుఫాను దాటువరకు ఒకదానికి గడువు దొరకెను, రెండవదానికి దొరకలేదు.

కావున కంపెనీ వార్షిక నివేదిక చేతికి వచ్చినప్పుడు, నిధుల పుటకంటె ముందు ఋణముల గడువుల పట్టికను చూడుడని మా సలహా. రాబోవు మూడు సంవత్సరములలో తీర్చవలసినదెంత? చేతనున్న రొక్కమెంత? నిధుల తనఖాపై అప్పిచ్చు బ్యాంకులు సాధారణముగా సంవత్సరమునకు రెండుసార్లు ఆ తనఖా విలువను మరల కట్టుదురు. ధర పడినప్పుడు అప్పు పరిమితిని గూడ తగ్గింతురు. వాననాడు గొడుగు వెనుకకు తీసికొను స్నేహమది. మరియొక సూచికయు కలదు. కంపెనీ ఋణపత్రములు బజారులో ఎంతకు అమ్ముడగుచున్నవో చూడవలెను. నూరు డాలర్ల పత్రము అరువదికే దొరకుచున్నచో, తమ బాకీయే పూర్తిగా రాదని ఋణదాతలు భయపడుచున్నారన్నమాట. ముందుపీటవాడే విస్తరి నిండునో లేదో యని సందేహించుచుండగా, కడపటి పంక్తివానికి మిగులునని తలచుట ఎట్టి వివేకము?

వాటా ధర తక్కువగా నుండుట చవుక యని తలచుట మరియొక భ్రమ. చెసపీక్ అను కంపెనీ, ప్రధానముగా సహజవాయువు తీయునది, 2020 ఏప్రిలులో పాత వాటాలు 200 కలిపి కొత్త వాటా 1 చేసెను. జూన్ 28వ తేదీన దివాలా న్యాయస్థానమును చేరెను. పాత సామాన్య వాటాలు రద్దయ్యెను. వానికి ఏమియు రాలేదు.

ఎవరి పీట ఎచ్చట?

బఫెట్ మహాశయుడు కొనియున్నాడు గనుక మేమును కొందుమని పలుకువారు తరచుగా వినవచ్చుచున్నారు. ఆయన వివేకమునందు మాకు సందేహము లేదు. కాని ఆయన ఏ పీటపై కూర్చుండెనో చూడవలెను గదా! 2019లో ఆయన కొన్నది 8 శాతపు ప్రాధాన్య వాటా. సామాన్య వాటాదారునకు డివిడెండు కోతపడిన 2020 ఏప్రిలులో, ఆయనకు రావలసిన 20 కోట్ల డాలర్లు రొక్కముగా గాక కొత్త సామాన్య వాటాల రూపమున ముట్టెను. ఆ యేడు మధ్యకు బెర్క్‌షైర్ తన యొద్దనున్న సామాన్య వాటాలను విడిచిపుచ్చెను. కొత్త వాటాలు పుట్టినందున పాతవారి పాలు ఆ మేరకు పలుచనయ్యెను. సామాన్య వాటాలను ఆయన పెద్ద యెత్తున కొనుటకు ఆరంభించినది 2022లో. అప్పటికి చమురు ధర పెరిగి, ఋణము తరుగుచుండెను. ఆ ఆగస్టు నాటికి బెర్క్‌షైర్ చేతిలో 20 శాతమునకు మించి సామాన్య వాటాలుండెను.

ప్రాధాన్య వాటా ఒడంబడికలో మరియొక నిబంధన కలదు. పన్నెండు నెలలలో సామాన్య వాటాకు 4 డాలర్లకు మించి కంపెనీ పంచినచో, మించిన ప్రతి డాలరునకు సమానముగా ప్రాధాన్య వాటాలను గూడ 10 శాతము అధికముతో తిరిగి కొనవలెను. 2023లో ఈ నిబంధన అమలులోనికి వచ్చెను. ఇది అన్యాయమని మేమనము; కష్టకాలమున ధనమిచ్చినవాడు షరతులు వ్రాయించుకొనును. కాని పెద్దమనిషి పేరు చూచి కొనువాడు ఆ షరతుల కాగితమును గూడ చదువవలెనని మాత్రము చెప్పుచున్నాము. పంక్తి ఒక్కటియైనను వడ్డన వేరు.

చిన్న వాటాదారునకు ఆ కష్టకాలమున ఏమియు దొరకలేదని చెప్పుటయు సరికాదు. 2020 జూలై నాటి వాటాదారులకు ప్రతి 8 వాటాలకు ఒకటి చొప్పున 22 డాలర్ల ధరకు వాటా కొను హక్కుపత్రములను ఆక్సిడెంటల్ ఉచితముగా పంచెను. వాని గడువు 2027 ఆగస్టు 3. వాటా 70 డాలర్లైనప్పుడు ఆ పత్రములు విలువ గలవయ్యెను. అయినను అవి ఉపశమనమే గాని నష్టపరిహారము గావు.

ఈ కంపెనీ కథ అచ్చటితో ముగియలేదు. 2023 డిసెంబరులో సుమారు 1,200 కోట్ల డాలర్లకు క్రౌన్‌రాక్ అను కంపెనీని కొనుటకు ఒప్పుకొని, అందులో అధికభాగమునకు మరల అప్పు చేసెను. 2024 ఆగస్టులో బేరము ముగిసెను. ఆ భారమును తగ్గించుకొనుటకు 2025 అక్టోబరులో తన రసాయన వ్యాపారమును 970 కోట్ల డాలర్లకు బెర్క్‌షైర్‌కే అమ్ముటకు ఒప్పుకొనెను. చమురు ధరతో నిమిత్తము లేక కొంత రాబడి నిచ్చు శాఖ అప్పు తీర్చుటకై చేయి మారినది. తీర్చిన అప్పును హర్షించు వాటాదారుడు, అమ్మిన పొలము విలువను గూడ లెక్కలో తీసివేసికొనవలెను.

మన తీరమున

ఇట్టివి అమెరికాలోనే జరుగుననుకొనరాదు. కాకినాడకు ఎదురుగా కృష్ణా గోదావరి సముద్రగర్భమున గుజరాత్ ప్రభుత్వ సంస్థయైన జి.ఎస్.పి.సి. 20 ట్రిలియన్ ఘనపుటడుగుల వాయునిధి కనుగొన్నదని 2005 జూన్‌లో ప్రకటన వెలువడెను. దేశమంతయు విస్మయమందెను. అభివృద్ధి ప్రణాళిక వ్రాయునప్పటికి ఆ అంకె మొదటి ప్రకటనలో స్వల్పభాగమునకు కుంచించుకొనిపోయెను. ఆ సంస్థ అప్పు మాత్రము కుంచించుకొనక సుమారు 20 వేల కోట్ల రూపాయలకు చేరెను. 2017లో ఆ క్షేత్రమునందలి తన 80 శాతము పాలును 7,738 కోట్ల రూపాయలకు ఓ.ఎన్.జి.సి.కి అమ్మివేసెను. భూగర్భములోని అంకె అంచనా. బ్యాంకు పుస్తకములోని అంకె నిజము. ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచువాడు మోసపోవును.

రాజమహేంద్రవరమున మనకు చిరపరిచితమైన ఓ.ఎన్.జి.సి. సంగతియు చూడుడు. 2018 జనవరిలో హిందుస్తాన్ పెట్రోలియములో ప్రభుత్వమునకు గల 51.11 శాతము వాటాను 36,915 కోట్ల రూపాయలకు ఆ సంస్థ కొనెను. అందులో అధికభాగమునకు అప్పు తెచ్చెను. అమ్మినది భారత ప్రభుత్వము. కొన్న సంస్థకు ప్రధాన వాటాదారును భారత ప్రభుత్వమే. ఆ కొనుగోలు మంచిదా చెడ్డదా యను చర్చ వేరు. ఒక్క నిర్ణయముతో అప్పు స్వరూపమే మారిపోవుననియు, ఆ నిర్ణయపు కలము చిన్న వాటాదారుని చేతిలో ఉండదనియు హ్యూస్టనులో చూచిన సత్యమే ఢిల్లీలోను కనబడుచున్నది.

కావున చమురు కంపెనీ వాటా కొనదలచిన గృహస్థుడు కాగితము కలము తీసికొని వరుసగా వ్రాసికొనవలెను. ఎంత ధరకు దినము గడుచును? నాలుగు వేర్వేరు ధరల వద్ద శేషమెంత? మూడేండ్లలో వచ్చు గడువులెన్ని, వానికి ఎదురుగా రొక్కమెంత? తనకంటె ముందు పీటలపై కూర్చున్నవారెవ్వరు, వారి షరతులేవి? వారి పత్రములు బజారులో ఏ ధరకు పోవుచున్నవి? తన సమ్మతి లేకయే కొత్త అప్పు చేయు నధికారము ఎవరికి గలదు? వీనికి సమాధానము దొరకినచో, చమురు ధరను గురించి జోస్యుల నడుగనక్కరలేదు. దొరకనిచో ఆ వాటా ఎంత చవుకయైనను కొనరాదు.

ఇన్నియు చూచి, నష్టమైనను భరింపగల సొమ్ముతో, శేషముపై పందెము వేయుచున్నానని ఎరిగి కొనువానిని మేము నిందింపము. బిడ్డ పెండ్లి సొమ్మును, అమ్మిన పొలము సొమ్మును తెచ్చి, భూగర్భనిధిని కొనుచున్నానను భ్రమతో ఇందులో పోయువానిని మాత్రము ఆపక తప్పదు. పొలము కొనుటకు ముందు రిజిస్ట్రారు కచేరీలో ఋణభార పత్రమును వెదకుట మన పెద్దలు మనకు నేర్పిన జాగ్రత్త. వాటా కొనుటకు ముందు గడువుల పట్టికను వెదకుట దానికి తోబుట్టువు. మొదటిదానిని విడువని మన గృహస్థులు రెండవదానిని గూడ అభ్యసింతురుగాక.